ఒకే ఓవరీ ఉన్నవాళ్లకు ఐవీఎఫ్ ప్యాకేజీ: నెల్లూరు, ఒంగోలులో డబ్బు కట్టే ముందు చూసుకోవాల్సినవి

నెల్లూరు పొగతోటలో ఏ సందులోకి తిరిగినా ఆస్పత్రి బోర్డులే. సంతాన చికిత్స కోసం వెళ్తే ఒకటి రెండు స్కాన్లు అయ్యాక చేతిలో ఒక కాగితం పెడతారు. పైన 'ఐవీఎఫ్ ప్యాకేజీ' (గుడ్లు బయటికి తీసి, ల్యాబ్‌లో పిండం చేసి గర్భసంచిలో పెట్టే చికిత్స) అని ఉంటుంది, కింద పది పన్నెండు లైన్లు, అడుగున మొత్తం. ఒంగోలులోనూ అదే వరస. ఈ సమీక్ష ఆ కాగితం మీదే, ఏ ఒక్క ఆస్పత్రి మీదా కాదు. ఆ ప్యాకేజీ రెండు అండాశయాలు (ఓవరీలు) ఉన్నవాళ్ల కొలతకు కుట్టిన జాకెట్టు. ఆపరేషన్‌లో ఒకటి పోయి ఇంకొకటే మిగిలిన మనిషికి అది ఎక్కడ సరిపోతుంది, ఎక్కడ పట్టేస్తుంది, ఏ కుట్టు విప్పించుకోవాలి అన్నదే ఇక్కడ చెప్పేది.

తీర్పు ముందే చెప్పేస్తాం. పరీక్షలు, స్కాన్లు, ఐయూఐ (కడిగిన వీర్యాన్ని గర్భసంచిలోకి ఎక్కించడం), ఇంజెక్షన్ల వరకు ఊరు దాటి వెళ్లాల్సిన పని లేదు. గుడ్లు తీసే రోజు, ల్యాబ్, ఫ్రీజింగ్ అనే మూడింటి దగ్గర మాత్రం కింద రాసిన ప్రశ్నలకు సూటిగా జవాబిచ్చే చోటే డబ్బు కట్టాలి. ఇంకో మాట కూడా ఉంది. ఒకే ఓవరీ ఉన్నవాళ్లలో చాలామందికి అసలు ఈ ప్యాకేజీ అక్కర్లేదు.

ఎందుకంటే 'ఒకటి తీసేస్తే ఇంక నెల విడిచి నెలేగా గుడ్డు వచ్చేది' అన్న లెక్క తప్పు. ఇళ్లలో పెద్దవాళ్లు అంటారు, కొన్నిచోట్ల కౌన్సెలింగ్ గదిలోనూ వినపడుతుంది. రెండు ఓవరీలు వంతులు వేసుకుని పని చేయవు. మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే ఎఫ్ఎస్‌హెచ్ హార్మోను ప్రతి నెలా ఉన్న ఫాలికల్స్‌లో, అంటే గుడ్డు పెరిగే చిన్న నీటి సంచుల్లో, ఒకదాన్ని పెంచుతుంది. ఉన్నది ఒక్క ఓవరీ అయితే ప్రతి నెలా దాన్నుంచే పెంచుతుంది. నెలసరి సరిగ్గా వస్తుంటే గుడ్డు కూడా దాదాపు ప్రతి నెలా విడుదలవుతున్నట్టే. నెలసరి పూర్తిగా ఆగిపోయే వయసు సగటున ఒక ఏడాది ముందుకు జరుగుతుంది, అంతే. తగ్గేది నిల్వ. అంటే ఇంజెక్షన్లు ఇచ్చినప్పుడు ఒక్క విడతలో వచ్చే గుడ్ల సంఖ్య తగ్గుతుంది. గుడ్డు నాణ్యతకు ఓవరీలు ఎన్ని అన్నదాంతో పని లేదు, దాన్ని ప్రధానంగా తేల్చేది వయసు. 29 ఏళ్ల మనిషికి ఒక ఓవరీలో వచ్చిన నాలుగు గుడ్లు, 40 ఏళ్ల మనిషికి రెండు ఓవరీల్లో వచ్చిన ఎనిమిది గుడ్ల కన్నా ఎక్కువ ఆశ ఇవ్వొచ్చు. ఈ ఒక్క సంగతి మొదటి రోజే విడమరిచి చెప్పే చోటును నమ్మొచ్చు.

మొదటి విజిట్‌కు పాత ఆపరేషన్ డిశ్చార్జ్ సమ్మరీ, బయాప్సీ రిపోర్టు రెండూ తీసుకెళ్లాలి. పోయి ఉంటే ఆపరేషన్ చేసిన ఆస్పత్రి రికార్డు రూములో అడిగి నకలు తెచ్చుకోండి, ఆ తిరుగుడు వృథా కాదు. అందులో మూడు విషయాలు ఉండాలి. తీసింది ఏ వైపు, ఓవరీతో పాటు ట్యూబు కూడా తీశారా, ఎందుకు తీశారు. చివరి ప్రశ్నే అన్నిటికన్నా పెద్దది. డెర్మాయిడ్ గడ్డ అయితే నూటికి పది పదిహేను మందిలో రెండో వైపు కూడా వస్తుంది కాబట్టి మిగిలినదాన్ని శ్రద్ధగా చూడాలి. చాక్లెట్ సిస్ట్ అయితే ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట పెరిగే జబ్బు) మిగిలిన ఓవరీనీ ట్యూబునీ అంటిపెట్టుకుని ఉండొచ్చు. ఓవరీ మెలిపడి తీసేసి ఉంటే మిగిలింది కూడా మెలిపడే ప్రమాదం ఉంది, దాని గురించి కింద వివరంగా రాశాం. పుట్టుకతోనే ఒక వైపు లేకపోతే గర్భసంచి ఆకారం, ఆ వైపు కిడ్నీ కూడా చూడాలి. గర్భసంచి ఒక కొమ్ముతోనే ఏర్పడినవాళ్లలో కొమ్ము లేని వైపు కిడ్నీ లేకపోవడం తరచూ కనిపిస్తుంది.

తర్వాత స్కాన్. కేంద్రం ఎంత జాగ్రత్తగా పని చేస్తుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా చౌకైన పరీక్ష లేదు. స్కాన్ రిపోర్టులు చాలావరకు ముందే టైపు చేసి పెట్టుకున్న నమూనాలోనే ప్రింటవుతాయి. ఒక ఓవరీ లేని మనిషి రిపోర్టులో కూడా 'బోత్ ఓవరీస్ నార్మల్' అన్న లైను అలాగే ఉండిపోవచ్చు. ఆ కాగితం చేతికి రాగానే అక్కడే నిలబడి చదవండి. కుడి ఓవరీ లేదు, ఎడమ ఓవరీ కొలతలు ఇన్ని, అందులో చిన్న ఫాలికల్స్ ఇన్ని అని రాసి ఉండాలి. 'కనపడలేదు' అనడం, 'లేదు' అనడం ఒకటి కాదు. ఆపరేషన్ అతుకుల వల్ల ఓవరీ గర్భసంచి వెనక్కో, పైకో జరిగి దాక్కుంటే పొట్ట మీది స్కాన్‌లో కనపడదు. నెలసరి రెండో రోజు నుంచి ఐదో రోజు లోపు, మూత్రం పోసేసి, లోపలి స్కాన్ (యోని ద్వారా చేసేది) చేసి 2 నుంచి 10 మిల్లీమీటర్ల ఫాలికల్స్ లెక్కపెట్టాలి. అదే ఏఎఫ్‌సీ. ఒక ఓవరీలో ఐదారు కనిపిస్తే బెంగ పడక్కర్లేదు, ఐదు కన్నా తక్కువైతే మందులకు స్పందన తక్కువగా ఉండొచ్చని ముందే సిద్ధపడాలి. సూదితో ఆ ఓవరీని లోపలి దారిలో అందుకోవచ్చా అన్నది కూడా ఈ రోజే చూసి రాయమనండి. ఇంజెక్షన్లన్నీ పూర్తయ్యాక గుడ్లు తీసే (పికప్) బల్ల మీద 'ఓవరీ పైన ఉంది, అందడం లేదు' అన్న మాట వినాల్సి రాకూడదు.

గుడ్ల నిల్వను అంచనా వేసే ఏఎంహెచ్ రక్తపరీక్ష ఏ రోజైనా చేయించుకోవచ్చు. మిల్లీలీటరుకు 1.2 నానోగ్రాముల కన్నా తక్కువను తక్కువ నిల్వగా లెక్కేస్తారు. ఆపరేషన్ అయిన కొత్తలో చేస్తే ఉన్నదానికన్నా తక్కువ చూపించొచ్చు, మూడు నుంచి ఆరు నెలలు ఆగి చేయించడం మేలు. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నా తగ్గుతుంది. జుట్టు కోసం వాడే బయోటిన్ మాత్రలు కొన్ని రకాల మెషీన్లలో ఫలితాన్ని తారుమారు చేస్తాయి, కాబట్టి అవి వాడుతుంటే ల్యాబ్‌లో చెప్పి, కొన్ని రోజులు ఆపి రక్తం ఇవ్వండి. ఏఎంహెచ్ తక్కువ వచ్చిందంటే గర్భం రాదని కాదు. ఇంజెక్షన్లకు ఎన్ని గుడ్లు రావొచ్చో అది చెబుతుందే గానీ, వచ్చిన గుడ్డు ఎలాంటిదో చెప్పదు. ఏఎంహెచ్ ఒక్కటే చూపించి ఆ వారమే అడ్వాన్సు కట్టమంటే ఆగండి.

భర్త వీర్యపరీక్ష భార్య పరీక్షల కన్నా ముందే జరగాలి. ఓవరీ ఒకటే అని తెలిశాక ఇంట్లో అందరి చూపూ ఆడమనిషి మీదే నిలిచిపోతుంది, మగవాళ్ల పరీక్ష నెలల తరబడి వాయిదా పడుతుంది. రెండు నుంచి ఏడు రోజుల విరామం తర్వాత నమూనా ఇవ్వాలి. 2021 ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతల ప్రకారం పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు కోటీ అరవై లక్షల కణాలు, కదిలేవి 42 శాతం, సరైన ఆకారం ఉన్నవి 4 శాతం కనీస హద్దులు. ఒకసారి తక్కువ వస్తే జ్వరం వల్లో, ఎండదెబ్బ వల్లో అయి ఉండొచ్చు. కణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి మూడు నెలలకు ఇంకోసారి చేయించాలి.

ట్యూబుల పరీక్ష హెచ్ఎస్‌జీ. రక్తస్రావం ఆగాక, నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కేసి ఆరో రోజుకూ పదో రోజుకూ మధ్య, ఎక్స్‌రే గదిలో రంగు మందు ఎక్కించి తీస్తారు. ముప్పావు గంట ముందు నొప్పి మాత్ర వేసుకుంటే తేలిగ్గా గడిచిపోతుంది. దీని మీదా ఒక అపోహ ఉంది. ఎడమ ఓవరీ, కుడి ట్యూబు మిగిలినవాళ్లకు 'దారి కలవదు, ఐవీఎఫే గతి' అని చెప్పేస్తుంటారు. పొత్తికడుపులో ఓవరీలు, ట్యూబుల చివరలు గర్భసంచి వెనక దగ్గరదగ్గరగానే ఉంటాయి. ఒక వైపు గుడ్డును రెండో వైపు ట్యూబు అందుకోవడం వైద్యంలో తెలిసిన సంగతే. అవకాశం కొంత తగ్గుతుంది గానీ తలుపు మూసుకుపోదు. ఉన్న ఒక్క ట్యూబులో నీరు చేరి ఉబ్బి ఉంటే మాత్రం కథ వేరు. ఆ నీరు గర్భసంచిలోకి జారి పిండం నిలవనివ్వదు. ఐవీఎఫ్‌కు ముందే ఆ ట్యూబును తీసేయడమో, గర్భసంచి దగ్గర క్లిప్ పెట్టడమో చేయాలి. తీసేటప్పుడు ఓవరీకి వెళ్లే రక్తనాళాలు దెబ్బతినే వీలుంది. ఒకే ఓవరీ ఉన్నప్పుడు క్లిప్ సరిపోతుందేమో సర్జన్‌ను అడగడం మంచిది.

ఇవన్నీ చేతికొచ్చాక ప్యాకేజీ ఎవరికి అక్కర్లేదో తేలిపోతుంది. 35 ఏళ్ల లోపు వయసు, నెలసరి సరిగ్గా ఉంది, ట్యూబు తెరుచుకుని ఉంది, భర్త రిపోర్టు బాగుంది అనుకోండి. వీళ్లు మిగతా అందరిలాగే ఒక ఏడాది ప్రయత్నించవచ్చు. 35 దాటితే ఆరు నెలలు. 40 దాటినా, ఏఎంహెచ్ బాగా తక్కువున్నా ఆగకుండా చికిత్సకు వెళ్లాలి. ఓవరీ ఒకటే ఉండటం దానంతట అదే ఐవీఎఫ్‌కు కారణం కాదు. ఈ మాట చెప్పి వెనక్కి పంపే డాక్టరు దొరికితే మళ్లీ అవసరమైనప్పుడు అక్కడికే వెళ్లండి.

మధ్యలో ఐయూఐ ఉంది, నెల్లూరు, ఒంగోలులో దొరికే సేవల్లో పెట్టిన డబ్బుకు ఎక్కువ విలువ దీనికే. నెలసరి రెండో మూడో రోజు నుంచి ఐదు రోజులు లెట్రోజోల్ 2.5 లేదా 5 మిల్లీగ్రాములు, పదో రోజు నుంచి స్కాన్లు, ఫాలికల్ 18 నుంచి 20 మిల్లీమీటర్లకు వచ్చాక హెచ్‌సీజీ ఇంజెక్షన్, సుమారు 36 గంటలకు కడిగిన వీర్యం లోపలికి. ఒకే ఓవరీ ఉన్నవాళ్లకు ఏ వైపు పెరుగుతోందో వెతకాల్సిన పని కూడా లేదు. మూడు నాలుగు విడతల్లో రాకపోతే అదే పని ఆరేడుసార్లు చేయించుకోవద్దు, అక్కడ ఆగి ఐవీఎఫ్ గురించి మాట్లాడాలి. ఐయూఐ మాత్రమే చేసే కేంద్రం 2021 ఏఆర్‌టీ (సంతాన చికిత్స కేంద్రాల) చట్టం కింద లెవెల్ 1, ఐవీఎఫ్ చేసేది లెవెల్ 2. రిజిస్ట్రేషన్ ఐదేళ్లకే చెల్లుతుంది. గోడ మీది సర్టిఫికెట్‌లో లెవెల్, గడువు రెండూ చూడండి.

ఇక ప్యాకేజీ. కాగితంలో కనిపించని ఒక ప్రశ్నతో మొదలుపెట్టాలి: ల్యాబ్‌లో గుడ్లు, పిండాలు చూసుకునే ఎంబ్రియాలజిస్ట్ ఇక్కడే ఉంటారా, బయటి నుంచి వస్తారా? చిన్న పట్టణాల్లో బ్యాచ్ పద్ధతి ఉంటుంది. నెలకు ఒకసారి పెద్ద ఊరి నుంచి ఎంబ్రియాలజిస్ట్ వస్తారు, ఆ నాలుగు రోజుల్లోకి పది పదిహేను మంది పికప్‌లు సర్దుతారు. అందరి తేదీలూ కలవడానికి గర్భనిరోధక మాత్రలు పెట్టి నెలసరిని వెనక్కి నెడతారు. రెండు ఓవరీలు, మంచి నిల్వ ఉన్నవాళ్లకు దీనివల్ల పెద్ద నష్టం ఉండకపోవచ్చు. నిల్వ తక్కువున్న ఒక్క ఓవరీని వారాల తరబడి మాత్రలతో అణచి, వెంటనే ఇంజెక్షన్లతో లేపితే స్పందన మందగించొచ్చు. అంతకన్నా పెద్ద చిక్కు చివర్లో వస్తుంది. ఫాలికల్స్ ఇంకో రెండు రోజులు పెరగాల్సి ఉన్నా బ్యాచ్ అయిపోతోందని తీసేస్తే, ఉన్న ఐదు గుడ్లలో రెండు పండనివి వస్తాయి. ఐదింటిలో రెండు పోవడమంటే దాదాపు సగం పంట పోవడమే. మీ ఫాలికల్స్‌ను బట్టి పికప్ రోజు నిర్ణయించే చోటుకే మా ఓటు, బ్యాచ్‌లో ధర తక్కువైనా సరే.

ఇంజెక్షన్ల లైను దగ్గర 'మందులతో కలిపి' అని ఉంటే ఎన్ని యూనిట్ల వరకు అని రాయించుకోండి. లెక్క తేలికే. రోజుకు 300 యూనిట్లు పది రోజులు అంటే 3000 యూనిట్లు, 150 యూనిట్ల వయల్స్ ఇరవై. ఓవరీ ఒకటే కదా అని 450 మొదలుపెడితే ముప్పై వయల్స్. పది వయల్స్ ఖర్చు పెరుగుతుంది, గుడ్లు పెరగవు. ఆ నెలలో ఓవరీ ఎన్ని ఫాలికల్స్ ముందుకు తెచ్చిందో అన్నింటినే మందు పెంచగలదు, లేనివాటిని పుట్టించలేదు. స్పందన తక్కువుండేవాళ్లలోనూ 300 దాటించవద్దన్నది అంతర్జాతీయ మార్గదర్శకాల మాట. నిల్వ బాగా తక్కువుంటే లెట్రోజోల్‌తో కలిపి 150 యూనిట్ల తేలికపాటి పద్ధతి కూడా ఆలోచించదగ్గదే. ఒకే ఓవరీ అయినా పీసీఓఎస్ (ఓవరీలో చిన్న ఫాలికల్స్ మితిమీరి ఉండే హార్మోన్ల తేడా) ఉండి ఫాలికల్స్ పదిహేను ఇరవై కనిపిస్తుంటే మాత్రం మోతాదు తగ్గించాలి, లేకపోతే పొట్టలో నీరు చేరే ఓహెచ్ఎస్ఎస్ వాళ్లకూ వస్తుంది. ఐదారో రోజు నుంచి, లేదా పెద్ద ఫాలికల్ 13, 14 మిల్లీమీటర్లకు రాగానే, సెట్రోరెలిక్స్ 0.25 మిల్లీగ్రాములు రోజూ కలుస్తుంది. గుడ్లు ముందే పగిలిపోకుండా ఆపేది అదే కాబట్టి ఒక్క రోజు కూడా మానకూడదు.

నెల్లూరు ఎండల్లో మందు పాడయ్యేది ఎక్కువగా దారిలోనే. ఎఫ్ఎస్‌హెచ్ పెన్నులు 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి. కొన్ని రకాలు 25 డిగ్రీల వరకు బయట ఉండగలవని లేబుల్ మీద రాసి ఉంటుంది, కానీ మే నెలలో ఉదయగిరి బస్సులో కిటికీ పక్కన పెట్టిన సంచిలో 25 డిగ్రీలు ఎక్కడుంటాయి? చల్లగా ఉండాలని ఐస్ ముక్కల మధ్య నేరుగా గుచ్చి తీసుకెళ్లేవాళ్లూ ఉన్నారు, అదీ తప్పే. గడ్డకట్టిన మందు మళ్లీ కరిగి మామూలుగా కనిపించినా వాడకూడదు. థర్మాకోల్ డబ్బా అడుగున జెల్ ప్యాక్, దాని మీద రెండు మడతలు వేసిన తువ్వాలు, ఆ పైన ఇంజెక్షన్లు. ఇంట్లో ఫ్రిజ్ మధ్య అరలో, వెనక గోడకు తగలకుండా పెట్టండి. డీప్ ఫ్రీజర్ కింది అర వద్దు, తలుపు అర కూడా వద్దు.

గుడ్లను పండించే చివరి ఇంజెక్షన్‌ను ట్రిగ్గర్ అంటారు. అది వేసుకునే రాత్రి అన్నిటికన్నా ముఖ్యమైన రాత్రి. పికప్‌కు 35, 36 గంటల ముందు అది పడాలి. బుధవారం ఉదయం 8 గంటలకు పికప్ అంటే సోమవారం రాత్రి 8 గంటలకు ఇంజెక్షన్. 'ముందు రోజు రాత్రి' అనుకుని మంగళవారం వేసుకుంటే ఫాలికల్స్‌లోంచి పండిన గుడ్లు రావు. పికప్ ఆలస్యమై 40 గంటలు దాటితే గుడ్లు ముందే విడుదలైపోవచ్చు, మళ్లీ ఖాళీయే. రెండు ఓవరీలు ఉన్నవాళ్లకు కొన్నైనా మిగలొచ్చు, ఇక్కడ మొత్తం నెల పోతుంది. తేదీ, వారం, గంట మూడూ కాగితం మీద రాయించుకోండి, ఫోన్‌లో విన్న మాటతో సరిపెట్టుకోవద్దు. పొడి వయల్ అయితే పొడి పూర్తిగా కరిగి నీరు తేటగా అయిందో లేదో వెలుతురుకు పట్టి చూడాలి. ఇచ్చింది హెచ్‌సీజీ అయితే మర్నాడు పొద్దున మెడికల్ షాపులో దొరికే గర్భపరీక్ష స్ట్రిప్‌లో రెండు గీతలు రావాలి, వస్తే మందు ఒంట్లోకి చేరినట్టు. ఒక్క గీతే వస్తే వెంటనే కేంద్రానికి ఫోన్ చేయండి, ఇంకా సరిదిద్దే వ్యవధి ఉంటుంది. ట్రిప్టోరెలిన్, ల్యూప్రోలైడ్ రకం ట్రిగ్గర్‌కు ఈ పరీక్ష పనికిరాదు. ఇదే కారణంతో హెచ్‌సీజీ తర్వాత పది రోజుల లోపు స్ట్రిప్‌లో రెండు గీతలు చూసి ఇంట్లో వాళ్లకు చెప్పేయకండి, అది మందు గీత కావొచ్చు.

పికప్ పది పదిహేను నిమిషాల పని, మత్తు ఇచ్చి చేస్తారు. ఇక్కడ చూడాల్సింది ల్యాబ్ ఇచ్చే లెక్క. ఫాలికల్ అన్నంత మాత్రాన గుడ్డు కాదు. ఉదాహరణకు ఆరు ఫాలికల్స్ నుంచి ఐదు గుడ్లు, వాటిలో పండినవి నాలుగు, ఫలదీకరణ అయినవి మూడు, ఐదో రోజుకు బ్లాస్టోసిస్ట్‌గా (బాగా ఎదిగిన పిండంగా) నిలిచినవి ఒకటో రెండో. ఈ మెట్లన్నిటికీ అంకెలు కాగితం మీద అడగండి. 'పిండాలు బాగున్నాయమ్మా' అన్న ఒక్క ముక్క లెక్క కాదు. ఏ మెట్టు దగ్గర పడిపోయిందో తెలిస్తేనే రెండో విడతలో ఏం మార్చాలో తెలుస్తుంది. పండనివి ఎక్కువైతే ట్రిగ్గర్ సమయం చూడాలి, ఫలదీకరణ తగ్గితే వీర్యం వైపు చూడాలి, మూడో రోజు తర్వాత ఆగిపోతుంటే గుడ్డు నాణ్యతో, ల్యాబ్ పరిస్థితులో.

ఒకే ఓవరీ ఉన్నవాళ్లు మొదటి నుంచే రెండు పికప్‌లకు మనసునీ డబ్బునీ సిద్ధం చేసుకోవడం మంచిది, ముఖ్యంగా 35 దాటితే. రెండు విడతల పిండాలు ఫ్రీజ్ చేసి కూడబెట్టి, తర్వాత ఒక్కొక్కటిగా పెట్టించుకోవచ్చు. కాబట్టి ధర అడిగేటప్పుడు రెండు పికప్‌లు, ఫ్రీజింగ్, ఒక ట్రాన్స్‌ఫర్ (పిండాన్ని గర్భసంచిలో పెట్టడం) కలిపి ఎంత అని అడగండి. ఒక విడతకు మందులతో కలిపి లక్షన్నర నుంచి రెండున్నర లక్షల దాకా మాట వినిపిస్తుంది. ఫ్రీజింగ్ ఏడాది అద్దె, మత్తు డాక్టరు ఫీజు, ఇక్సీ (ఒక వీర్యకణాన్ని నేరుగా గుడ్డులోకి ఎక్కించడం) చార్జీ చాలాసార్లు దాని బయటే ఉంటాయి. మామూలు ఆరోగ్య బీమా పాలసీల్లో సంతానలేమి చికిత్సకు మినహాయింపు ఉంటుంది, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. పిండాలను ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉంచుతారు. ట్యాంకులో నైట్రోజన్ మట్టం రోజూ ఎవరు చూస్తారు, ఆ రిజిస్టరు ఉందా అని అడగడానికి మొహమాటపడకండి. చట్టం ప్రకారం నిల్వ పదేళ్ల వరకే.

అదనపు వడ్డనలకు మార్కులు లేవు. 'ఓవరీని యవ్వనం చేస్తాం' అంటూ పీఆర్‌పీ, అంటే మీ రక్తం నుంచే తీసిన ద్రవాన్ని ఓవరీలోకి సూదితో ఎక్కించడం, అమ్ముతున్నారు. పని చేస్తుందని రుజువు కాలేదు. ఉన్న ఒక్క ఓవరీని అవసరం లేకుండా సూదితో పొడిపించుకోవడం మా దృష్టిలో తప్పు. డీహెచ్ఈఏ, కోఎంజైమ్ క్యూ10 మాత్రలకు ఆధారాలు బలహీనం. డీహెచ్ఈఏ వల్ల మొటిమలు, అవాంఛిత రోమాలు రావొచ్చు. చాక్లెట్ సిస్ట్ ఉంటే ఐవీఎఫ్‌కు ముందు 'శుభ్రం చేద్దాం' అని మళ్లీ ఆపరేషన్ అంటే రెండో అభిప్రాయం తీసుకోకుండా ఒప్పుకోవద్దు. గోడ ఒలిచేటప్పుడు మంచి కణజాలమూ పోతుంది, ఇక్కడ వెనక్కి చూసుకోవడానికి రెండో ఓవరీ లేదు. పీసీఓఎస్‌కు ఓవరీలో చిన్న రంధ్రాలు పెట్టే డ్రిల్లింగ్ సంగతీ అంతే. మామూలు నీటిగడ్డ అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి స్కాన్ చేస్తే చాలావరకు దానంతట అదే పోయి ఉంటుంది.

దాత గుడ్ల ప్రస్తావన కూడా తొందరగా తెస్తారు. కనీసం ఒక విడత సొంత గుడ్లతో చూడకుండా, 'ఒకటే కదా' అన్న కారణంతో దాత దగ్గరికి వెళ్లాల్సిన పని లేదు. నిజంగా అవసరమైతే చట్టం చెప్పేది గుర్తుంచుకోండి. దాత వయసు 23 నుంచి 35 మధ్య, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు గుడ్లకు మించి తీయకూడదు, రిజిస్టరైన బ్యాంకు ద్వారానే రావాలి. చికిత్స తీసుకునే ఆమె 50 లోపు, ఆయన 55 లోపు ఉండాలి.

ట్రాన్స్‌ఫర్ గురించి తక్కువే చెప్పాలి. గర్భసంచి పొర 7 మిల్లీమీటర్లు దాటాలి, బ్లాస్టోసిస్ట్ అయితే ఐదు రోజుల ప్రొజెస్టరాన్ తర్వాత, ఒకసారికి ఒకటే పిండం. ఒక కొమ్ము గర్భసంచి ఉన్నవాళ్లు కవలల ఆలోచనే పెట్టుకోకూడదు, నెలలు నిండక ముందే కాన్పు అయ్యే ప్రమాదం ఎక్కువ. రోజుల తరబడి మంచం మీద పడుకోవడం వల్ల లాభం లేదు. అక్కడి నుంచి గర్భం నిలిచిందా అని చూసే బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష వరకు మామూలుగా తిరగొచ్చు.

ఇప్పుడు మెలిపడటం. ప్యాకేజీ కాగితంలో ఈ లైను ఉండదు, ఒకే ఓవరీ ఉన్న మనిషికి అన్నిటికన్నా ముఖ్యమైన లైను ఇదే. ఇంజెక్షన్లతో ఓవరీ ఉబ్బి ఐదు సెంటీమీటర్లు దాటితే బరువుకు దాని కాడ మీద అదే తిరిగిపోవచ్చు, రక్తం ఆగిపోతుంది. పికప్ తర్వాత రెండు వారాలు, గర్భం వస్తే మొదటి మూడు నెలలు కూడా ఈ ప్రమాదం ఉంటుంది. ఒక వైపు ఉన్నట్టుండి పట్టేసిన నొప్పి, దాంతో పాటు వాంతులు. గ్యాస్ నొప్పి అనుకుని సోడా తాగి పడుకుంటే గంటలు గడిచిపోతాయి. డాప్లర్ స్కాన్‌లో రక్తప్రసరణ కనిపించినా మెలి లేదని ఖాయం కాదు, నొప్పిని బట్టి లాప్రోస్కోపీ చేసి చూడాల్సి వస్తుంది. చూసినప్పుడు ఓవరీ నల్లగా కనిపించినా తీసేయకూడదు. మెలి విప్పి వదిలేస్తే చాలాసార్లు తిరిగి కోలుకుంటుంది. రాత్రి డ్యూటీలో ఉన్న సర్జన్‌కు మీ చరిత్ర తెలియదు కాబట్టి ఫైలు అట్ట మీద ఎర్ర ఇంకుతో పెద్దగా రాసి పెట్టుకోండి: 'ఒకే ఓవరీ ఉంది. మెలిపడితే విప్పండి, తీయవద్దు.' ఆ ఇంజెక్షన్ల రోజుల్లో గంతులు, బరువులు, వ్యాయామం, కలయిక వద్దు.

ఉదయగిరి, వింజమూరు, రాపూరు వైపు వాళ్లు చివరి నాలుగైదు రోజులు, పికప్ తర్వాత మూడు నాలుగు రోజులు నెల్లూరులోనే బంధువుల ఇంట్లోనో, గది తీసుకునో ఉండటం మేలు. మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి వాళ్లకు ఒంగోలు విషయంలోనూ అంతే. నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు, రైల్లో మూడు గంటల దారి. అక్కడి ల్యాబే కావాలనుకుంటే స్కాన్లు నెల్లూరులో చేయించుకుని పికప్‌కు మాత్రం వెళ్లే ఏర్పాటు ఇద్దరు డాక్టర్లూ ఒప్పుకుంటే కుదురుతుంది, కానీ ట్రిగ్గర్ సమయం నిర్ణయించేది ఒక్కరే అయి ఉండాలి. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగ ఐదు రోజులూ దర్గామిట్ట వైపు రోడ్లు నిండిపోతాయి. సంతాన రొట్టె పట్టుకోవడానికి వచ్చేవాళ్లు స్కాన్ కూడా అదే రోజుకు పెట్టుకుంటే పొద్దున్నే స్కాన్ ముగించుకుని స్వర్ణాల చెరువు వైపు వెళ్లడం మంచిది.

అడ్వాన్సు కట్టే ముందు చేయాల్సిన పని ఒకటి మిగిలింది. కాగితం మీద '24 గంటల అత్యవసర నంబరు' అని ఒకటి ఉంటుంది. ఒక రాత్రి పదిన్నరకు దానికి ఫోన్ చేసి, 'ఇంజెక్షన్లు నడుస్తున్నాయి, ఒకే ఓవరీ, ఎడమ వైపు నొప్పి వస్తే ఎక్కడికి రావాలి, లాప్రోస్కోపీ చేసే సర్జన్ ఎవరు ఉంటారు' అని అడగండి. సెక్యూరిటీ ఎత్తి 'పొద్దున రండమ్మా' అంటే ఆ ప్యాకేజీ మీకు కాదు. నర్సు ఎత్తి డాక్టరుకు కలిపి, ఏ ఆస్పత్రికి, ఏ గేటు దగ్గరికి రావాలో చెబితే మర్నాడు వెళ్లి కట్టండి.